హీటర్ పైపు కారుతోంది: లూపా, అతుకా, మీటరు పైపా, కంపెనీ పైపా?

మా పికప్ నర్సీపట్నం, చింతపల్లి మధ్య తిరుగుతుంది. పైకి కిరాణా సరుకు, కిందికి కాఫీ మూటలు, మిరియాలు, సీజన్‌ను బట్టి కూరగాయలు. పోయిన నవంబరులో బండి నిలబెట్టిన చోట రోజూ అరచేతంత తడి కనబడేది. ఏసీ నీళ్లే అనుకున్నాను. ఏసీ వెయ్యని రోజు కూడా తడి ఉండేసరికి వేలు పెట్టి చూశాను. జిగట, ఆకుపచ్చ రంగు, తియ్యటి వాసన. కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం. బోనెట్ ఎత్తి టార్చి వేస్తే, ఇంజను వెనక నుంచి క్యాబిన్ గోడలోకి పోయే రెండు సన్న పైపుల్లో ఒకటి క్లిప్పు దగ్గర నెర్రెలిచ్చి ఉంది.

మెకానిక్ బాబాయ్ ఒక్క చూపుతో తేల్చేశాడు. "హీటర్ పైపే కదా గురూ, లూపేసేద్దాం. మనకి హీటరెందుకు?"

విజయవాడలోనో కరీంనగర్‌లోనో తిరిగే బండి అయితే నేనూ సరేననేవాణ్ణి. లంబసింగి మీదుగా పోయే బండికి ఆ మాట అంత తేలిక కాదు. కంపెనీ పైపులు విశాఖ నుంచి తెప్పించాలి, ఐదు రోజులు పడుతుందన్నారు. అంతవరకు బండి ఆపలేను కాబట్టి ఆ రోజుకి లూపే వేయించాను. ఆ ఐదు రోజులే నాకు పాఠం చెప్పాయి.

లూపు అంటే ఏం చేస్తారు?

ఇంజనులో వేడెక్కిన కూలెంట్ ఒక పైపులోంచి డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి, రెండో పైపులోంచి తిరిగి వస్తుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ గాలి దాని మీదుగా వచ్చి మనకి వెచ్చగా తగులుతుంది. లూపు వేస్తే ఆ చిన్న రేడియేటర్‌ని వదిలేసి, ఇంజను వైపున్న రెండు ముక్కుల్ని ఒకే పైపు ముక్కతో కలిపేస్తారు. అరగంట పని. ఖర్చు పైపు ముక్కకీ రెండు క్లిప్పులకీ.

ఇందులో కూడా మంచి లూపు, చెడ్డ లూపు ఉన్నాయి. కొంతమంది కలపడం మానేసి రెండు ముక్కులకీ బిరడాలు కొట్టేస్తారు. అది వద్దనండి. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా పెద్ద రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వు) మూసి ఉన్నప్పుడు కూడా కూలెంట్ తిరిగేది ఈ హీటర్ దారిలోనే. దాన్ని మూసేస్తే ఇంజనులో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ వేడెక్కుతుంది. ఇంకోటి, పైపుని బలవంతంగా వంచితే మడత దగ్గర నొక్కుకుపోయి, అదీ బిరడాతో సమానమే అవుతుంది. వంపు వెడల్పుగా ఉండాలి.

లూపుతో కారడం వెంటనే ఆగింది. ఇంజను వేడి ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. మరి నష్టం ఏమిటంటే, అద్దం.

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా బాగా తక్కువకి. ముగ్గురం క్యాబిన్‌లో కూర్చుని ఊపిరి వదిలితే చాలు, లోపలి వైపు అద్దం పాలు పోసినట్టు అయిపోతుంది. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే క్లీనర్ కుర్రాడు ప్రతి మలుపుకీ కండువాతో తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన చోట గీతలు గీతలుగా తడి, ఎదుటి బండి లైటు పడితే మొత్తం తెల్లగా మెరుస్తుంది. మంచు చూడ్డానికి వచ్చిన కార్లు రోడ్డు పక్కన లైట్లు ఆర్పేసి నిలబడి ఉంటాయి, అది వేరే టెన్షన్.

ఏసీ వేస్తే ఆవిరి పోదా అని అడగొచ్చు. కింద మైదానంలో వానాకాలం అయితే పోతుంది, ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది కాబట్టి. బయట బాగా చలిగా ఉన్నప్పుడు మాత్రం లోపలి కాయిల్ గడ్డకట్టకుండా కంప్రెసర్ ఆగిపోతుంటుంది. అప్పుడు దిక్కు వేడి గాలి ఒక్కటే. హీటర్ అంటే చలి కాచుకోడానికని మా బాబాయ్ లెక్క. నాకు మాత్రం అది వైపర్ లాంటిది.

వేసవిలో కూడా దానికి ఇంకో పని ఉంది. మే నెలలో నిండు లోడుతో ఘాట్ ఎక్కుతూ ముల్లు పైకి పోతుంటే పాత డ్రైవర్లు ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టేస్తారు. క్యాబిన్ పొయ్యిలా ఉంటుంది కానీ ఇంజనుకి రెండో రేడియేటర్ దొరికినట్టే. లూపు వేస్తే ఆ ఉపాయమూ పోతుంది.

కాబట్టి నా తీర్పు: మైదానంలో మాత్రమే తిరిగే పాత బండికి, అదీ హీటర్ కోరే కారుతూ డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వచ్చినప్పుడు, లూపు తప్పేం కాదు. పైపు మాత్రమే పోయినప్పుడు అదే శాశ్వతం చేసుకోవడం సోమరితనం.

సైకిల్ ట్యూబు, టేపు, జాయింటు

సైకిల్ ట్యూబు చీల్చి పైపు చుట్టూ బిగించి కట్టడం మన రోడ్ల మీద ఎప్పటి నుంచో ఉన్న వైద్యం. సాగి దానికదే అతుక్కునే సిలికాన్ టేపు దానికి కాస్త మెరుగైన తమ్ముడు. రెండూ ఇంజను చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటాయి. వేడెక్కాక లోపల ఒత్తిడి పెరుగుతుంది. చాలా బండ్లలో రేడియేటర్ మూత దాదాపు 1 బార్ వరకు ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడికి కట్టు కింద నుంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి.

దానికి విరుగుడుగా కొందరు మూత వదులు చేసి నడుపుతారు. ఇది మరీ ప్రమాదం. 1 బార్ అదనపు ఒత్తిడి ఉంటే మామూలు నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఒత్తిడి లేకపోతే, లంబసింగి ఎత్తులో 97 డిగ్రీలకే మరిగిపోతాయి. అంటే ఘాట్ సగం ఎక్కేసరికి ఆవిరి. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయిందంటే, ఆ ఖర్చుతో ఈ పైపులు యాభై కొనుక్కోవచ్చు. కట్టు కట్టింది షెడ్డు దాకా చేరడానికే, అదీ నెమ్మదిగా, ముల్లు మీద కన్నేసి.

పగులు సరిగ్గా పైపు చివర ఉంటే, పైపుకి కాస్త పొడవు మిగిలి ఉంటే, ఆ చివర రెండు మూడు సెంటీమీటర్లు కోసేసి మళ్లీ తొడగొచ్చు. పైసా ఖర్చు లేని మంచి పని. నాది అలాగే చేద్దామనుకున్నాం. కోసి చూస్తే లోపలి రబ్బరు మొత్తం జీవం చచ్చి ఉంది, వేళ్లతో నొక్కితే కరకరమంది. అలాంటి పైపు ఈ చివర బాగుచేస్తే ఆ చివర పగులుతుంది. మధ్యలో కోసి ఇత్తడి జాయింటు వెయ్యడం కూడా అంతే. కొత్తగా రెండు క్లిప్పులు, అంటే కారడానికి కొత్తగా రెండు చోట్లు.

మీటరు పైపు, కంపెనీ పైపు

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

స్పేర్ పార్ట్స్ షాపులో మీటరు లెక్కన నల్లటి హీటర్ పైపు కోసి ఇస్తారు. లోపలి కొలత ఎక్కువగా 16 మిల్లీమీటర్లు గానీ 19 గానీ ఉంటుంది. పాత ముక్క పట్టుకెళ్లి సరిచూసుకోవాలి. ఒకే బండిలో రెండు పైపులకీ రెండు కొలతలు ఉండొచ్చు, ఒక్కటి చూసి రెండూ కొనకండి. "హీటర్ పైపు" అని అడిగి, రబ్బరు మధ్య నూలు అల్లిక కనబడుతుందో లేదో కోసిన చోట చూడండి. తోటకి నీళ్లు పెట్టే ప్లాస్టిక్ పైపు వేసిన బండి ఒకటి చూశాను. పది కిలోమీటర్లకే అది మెత్తబడి ఊడిపోయింది, ఆ బండిని లాక్కొచ్చింది నేనే.

మంచి మీటరు పైపు రబ్బరు కంపెనీ పైపు రబ్బరుకి ఏమీ తీసిపోదు. రెండూ సాధారణంగా ఈపీడీఎం రబ్బరే, కూలెంట్ వేడికి తట్టుకునేదే. తేడా ఆకారంలో ఉంది. కంపెనీ పైపు అచ్చు మీద వంపులతోనే తయారై వస్తుంది. ఎక్కడ వంగాలో అక్కడే వంగి, టర్బోకీ సైలెన్సర్ గొట్టానికీ దూరంగా, దేనికీ రాసుకోకుండా తన దారిలో తను పోతుంది. మీటరు పైపు తిన్నగా ఉంటుంది. దాన్ని మనం వంచాలి. వంపు తక్కువ ఉన్న బండికి హాయిగా సరిపోతుంది. నా బండిలో ఒక పైపు గోడ దగ్గర దాదాపు లంబకోణంలో తిరుగుతుంది. అక్కడ తిన్నటి పైపు మడత పడిపోవడమే కాదు, ఇంజను ఊగినప్పుడల్లా బ్రాకెట్‌కి రాసుకుంటుంది. ఆరు నెలల్లో మళ్లీ చిల్లు.

నా బండికి కంపెనీ పైపు ఖరీదు మీటరు పైపుకి దాదాపు నాలుగు రెట్లు పడింది, పైగా ఐదు రోజుల ఎదురుచూపు. అయినా రెండు పైపులూ కంపెనీవే వేయించాను. పగిలింది ఒక్కటే అయినా రెండోదాని వయసూ అంతే కదా. కూలెంట్ ఎలాగూ దించుతున్నాం, కూలీ ఎలాగూ ఇస్తున్నాం. బండిలో పైపులు తిన్నగా ఉండి, దారిలో వేడి గొట్టాలు లేకపోతే నేనే మీకు మీటరు పైపు వెయ్యమని చెబుతాను.

నీలం, ఎరుపు రంగుల్లో దొరికే సిలికాన్ పైపు గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. 175 డిగ్రీల వేడి కూడా తట్టుకుంటుంది, నిజమే. హీటర్ దారిలో అంత వేడి ఎప్పుడూ రాదు. పైగా దాని గోడలోంచి నీటి ఆవిరి కొద్దికొద్దిగా బయటికి పోతుంది, మామూలు స్క్రూ క్లిప్పు గాట్లు దాని మెత్తటి ఒంట్లో దిగిపోతాయి. షోకుకి బాగుంటుంది.

విప్పేటప్పుడు

పాత పైపుని పట్టకారుతో మెలిపెట్టి లాగనివ్వకండి. హీటర్ కోర్ ముక్కు పల్చటి ఇత్తడో అల్యూమినియమో ఉంటుంది. అది విరిగితే పైపు పని కాస్తా డ్యాష్‌బోర్డు పని అవుతుంది. బ్లేడుతో పైపుని నిలువుగా చీల్చి అరటితొక్కలా ఒలిచేయాలి. ముక్కు మీద పొక్కులు కట్టిన తుప్పుని సన్న గరుకు కాగితంతో తుడవాలి, లేకపోతే కొత్త పైపూ అక్కడే కారుతుంది.

క్లిప్పుల్లో నేను స్ప్రింగు క్లిప్పు పక్షం. స్క్రూ క్లిప్పు ఎంత బిగించినా, వేడికీ చలికీ రబ్బరు కుదురుకున్నాక వదులవుతుంది. అందుకే కొన్ని బండ్లు చలిలో పొద్దున్నే కారి, వేడెక్కాక మానేస్తాయి. స్ప్రింగు దానికదే పట్టు సర్దుకుంటుంది. పాతవి తుప్పు పట్టకపోతే అవే వాడుకోవచ్చు. స్క్రూవే దొరికితే వారం తర్వాత ఒకసారి, ఇంజను చల్లారాక, బిగించుకోండి.

కూలెంట్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పొయ్యాలి. రంగు కలిసిందని రకం కలిసినట్టు కాదు. కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) కొంటే అందులో డిస్టిల్డ్ వాటరే కలపాలి, బోరు నీళ్లు కాదు. దించిన పాత కూలెంట్‌ని మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా వాటి ప్రాణానికే ముప్పు.

తర్వాత గాలి తియ్యాలి. బండి మూతి ఎత్తుగా ఉండేలా నిలబెట్టి, హీటర్ ఫుల్ వేడికి తిప్పి, ఇంజను ఆన్‌లో ఉంచాం. కాసేపటికి ఒక పైపు కాలుతోంది, రెండోది చల్లగానే ఉంది. గాలి ఇరుక్కుందన్నమాట. బాబాయ్ పైపుని గుడ్డతో పట్టుకుని పిసుకుతూ, రేసు ఇస్తూ ఉంటే గుడగుడమని రెండోది కూడా వేడెక్కింది. అద్దం మీదికి వేడి గాలి వచ్చింది.

బాబాయ్ చేతులు తుడుచుకుంటూ విప్పిన లూపు ముక్క చూపించి, "ఇది పారెయ్యనా?" అన్నాడు.

"వద్దు బాబాయ్, రెండు క్లిప్పులతో సహా సీటు కింద పెట్టు" అన్నాను.