వారం మధ్యలో ఓ రాత్రి కాల్చిన చేప: నిప్పులా, పెనమా, ఓటీజీనా, ఎయిర్ ఫ్రయరా?

సాయంత్రం ఏడున్నరకు ఇల్లు చేరి ఎనిమిదిన్నరకల్లా కంచాల ముందు కూర్చోవాలనుకునేవారు చేపల పులుసు జోలికి పోరు. పులుసు ముక్కకు పట్టి అసలు రుచి తేలేది మర్నాటికే. ఉప్పు, కారం పట్టించి కాల్చిన ముక్క అయితే పప్పుచారు మరిగేలోగా సిద్ధమవుతుంది. దాన్ని దేని మీద కాల్చాలన్నదే ప్రశ్న. మా ఇంట్లో బొగ్గుల కుంపటి, ఇనుప పెనం, ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్, ఈ మధ్య చేరిన ఎయిర్ ఫ్రయర్ నాలుగూ ఉన్నాయి కనుక, అరకిలో చేప, నలుగురు మనుషులు, ఒక గంట వ్యవధి అన్న ఒకే కొలతతో వాటిని తూచి చూస్తాను.

రుచి ఒక్కటే లెక్కయితే నిప్పులకు సాటి లేదు. చేపలోని కొవ్వు, మసాలా బొట్లుబొట్లుగా నిప్పుల మీద పడి లేచే పొగ తిరిగి ముక్కకే అంటుకుంటుంది. ఆ వాసన కరెంటు పరికరాలకు రాదు. కట్టెల పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద ఉప్పు చేప కాల్చుకొని చద్దన్నంలో నంజుకున్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే బొగ్గులు రాజుకొని, మంట తగ్గి, పైన బూడిద పొర కమ్మేసరికి ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. తొందరపడి ముందే పెడితే చేప పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అంతకన్నా ముఖ్యం, మూసిన వంటగదిలోనో అద్దాలు బిగించిన బాల్కనీలోనో బొగ్గులు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు కనుక ప్రమాదం తెలిసేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు. డాబా ఉన్నవారు ఆదివారం కుంపటి రాజేసుకోవచ్చు గాని, బుధవారం రాత్రికి అది పనికిరాదు.

పెనం మీద చేసినది కాల్చినట్టా, వేపినట్టా అని వాదించేవారున్నారు. నిజానికి అది వేపుడే, కాకపోతే నూనె రెండు చెంచాలకు మించదు. చారలు పడతాయని గాడులున్న పెనం కొనేవారిని చూస్తే నాకు కొంచెం జాలి. అందులో గట్లకు తగిలిన మేరకే ముక్క ఎర్రబడుతుంది, మిగిలిన భాగం ఆవిరికి ఉడుకుతుంది. మందపాటి చదును ఇనుప పెనమే మేలు. ముక్క పైనున్న తడి ఆవిరైపోయే దాకా అక్కడి వేడి నూరు డిగ్రీలు దాటదు, సుమారు 140 డిగ్రీలు దాటితే గాని మాంసం ఎర్రగా వేగదు. అందుకే కడిగిన చేపను పొడిబట్టతో అద్ది, ఆ తరువాతే మసాలా పట్టించాలి. ముక్క వేసిన రెండు నిమిషాలకు అట్లకాడ దూర్చి చూడండి, అంచు కదలదు. బలవంతం చేస్తే తోలు పెనానికే అతుక్కుపోతుంది. మరో రెండు నిమిషాలు చేయి కట్టుకొని నిలబడితే అడుగున పెచ్చు కట్టి, ముక్క తనంతట తానే జారి అట్లకాడ మీదికి వస్తుంది.

పెనంతో చిక్కల్లా, అక్కడే నిలబడాలి. మామూలు పెనం మీద మూడు ముక్కలకు మించి పట్టవు కనుక నలుగురికి రెండు వాయిలు తప్పవు, ముక్కకు అటు నాలుగు ఇటు నాలుగు నిమిషాలు పడుతుంది. రెండో వాయి దిగేసరికి మొదటిది చల్లారుతుంది. కారం మాడిన ఘాటుకు ఇల్లంతా దగ్గు సరేసరి.

ఓటీజీ ఇక్కడే గెలుస్తుంది. పై కడ్డీ ఒక్కటే వెలిగేలా పెట్టి, పది నిమిషాలు ముందుగా వేడిచేసి, కడ్డీకి నాలుగంగుళాల కిందుగా జాలీ అమర్చి, నూనె రాసిన ముక్కలన్నీ ఒకేసారి పరిస్తే, అంగుళం మందానికి పది నిమిషాలన్న పాత లెక్క ఇంచుమించు సరిపోతుంది. చందువలాంటి చేపను గాట్లు పెట్టి, ముక్కలు కోయకుండా కాల్చుకోవడానికీ ఇదే తగినది. 2000 వాట్ల ఓటీజీ ఇరవై రెండు నిమిషాలు ఆగకుండా నడిచినా కాలేది ముప్పాతిక యూనిట్ లోపే. వేడెక్కే పది నిమిషాలు ఎలాగూ చేప మసాలాలో నానే సమయమే కనుక అవి వృథా అని నేను అనుకోను. ముక్కల మీద రేకు మాత్రం కప్పకూడదు. కప్పితే అది కాల్చడం కాదు, ఆవిరికి ఉడికించడం.

ఎయిర్ ఫ్రయర్ గురించి చెప్పవలసింది తక్కువ. ఇద్దరికి 200 డిగ్రీల వద్ద పది పన్నెండు నిమిషాల్లో శుభ్రంగా అయిపోతుంది. బుట్ట చిన్నది, నలుగురికి మళ్ళీ రెండు వాయిలే. వేడిగాలి వేగంగా తిరుగుతుంది కనుక నూనె పూయని పలుచటి ముక్క అట్టముక్కలా ఎండుతుంది.

ఏ పరికరమైనా చేపను బట్టే ఫలితం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే బొచ్చె, శీలావతి పులుసుకు బాగుంటాయి గాని, వాటి మాంసంలో చీలిన సన్నముళ్ళు ఉంటాయి కనుక పిల్లలున్న ఇంట్లో కాల్చడానికి పండుగప్ప, కొరమీను, వంజరం మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం కనుక ఆ రోజుల్లో తాజా వంజరం కోసం తిరగకుండా చెరువుల్లో పెంచిన పండుగప్ప తెచ్చుకోవడం నయం. అరకిలోకు చెంచా ఉప్పు, చెంచాన్నర కారం, అర చెంచా పసుపు, చెంచా ధనియాల పొడి, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద చాలు. నిమ్మరసం పిండితే పావుగంటకు మించి నాననివ్వవద్దు. ఒకసారి గంటసేపు మరిచిపోతే ఆ పులుపుకు మాంసం మెత్తబడి, తిప్పబోయిన ముక్క జాలీ మీదే రెండుగా విరిగింది. వెన్నుముల్లు పక్కన గాజులా మెరిసే మాంసం పాలలా తెల్లబడి, పొరలుగా విడిపోతే ఉడికినట్టు; థర్మామీటరు ఉంటే లోపలి వేడి 63 డిగ్రీలు చూపాలి.

రాత్రి పూట ఇంట్లో కరువయ్యేది నిమిషాలు కాదు, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక. అందుకే నలుగురున్న ఇంటికి నేను ఓటీజీకే ఓటు వేస్తాను. ఇద్దరే ఉంటే పెనానికి, ఎందుకంటే ఆ పెచ్చు మరే పరికరానికీ రాదు. ఆ పెనం మాత్రం వేరుగా ఉంచుకోవాలి. ఎంత తోమినా మర్నాడు పొద్దున అట్టు వేసేసరికి చేప వాసన పైకి లేస్తుంది, అప్పుడు ఇంట్లో పడే అక్షింతలు ఎవరికి వారు ఊహించుకోవచ్చు.