ఎక్సెటర్ అకాడమీ: చదువంతా ఆ బల్ల దగ్గరే

న్యూ హాంప్‌షైర్‌లోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే అమెరికా బోర్డింగ్ హైస్కూలు పేరెత్తగానే మనవాళ్లు ముందు అడిగేది "జుకర్‌బర్గ్ చదివింది అక్కడేనట కదా?" అని. అవును, 2002 బ్యాచ్. దానివల్ల మన పిల్లలకి ఒరిగేదేమీ లేదు. తొమ్మిదో తరగతిని అక్కడ ప్రెప్ అంటారు. అక్కణ్ణుంచి లోయర్, అప్పర్, సీనియర్ దాకా తల్లిదండ్రులుగా చూశాక తేలిందేమిటంటే, ఈ స్కూల్లో అసలు సరుకు క్లాసు మధ్యలో ఉండే ఆ కోలబల్లే. అది మీ పిల్లకి సరిపడితే మిగతావన్నీ సర్దుకుంటాయి. సరిపడకపోతే పచ్చటి క్యాంపస్, ఇటుక భవనాలు ఏమీ ఆదుకోవు.

చరిత్ర క్లుప్తంగా. 1781లో జాన్ ఫిలిప్స్, ఆయన భార్య ఎలిజబెత్ కలిసి పెట్టారు. మూడేళ్ల ముందే, 1778లో, ఆయన అన్నదమ్ముల బిడ్డ శామ్యూల్ మసాచుసెట్స్‌లో ఆండోవర్ అనే ఊళ్లో ఫిలిప్స్ అకాడమీ పెట్టాడు. అంటే ఈ రెండు స్కూళ్ల పోటీ దాయాదుల పోటీయే. ఫుట్‌బాల్ మైదానంలో 1878 నుంచి సాగుతోంది. కాలేజీకి తయారుచేయడమంటే అప్పట్లో ఏమిటో తెలియాలంటే అబ్రహాం లింకన్ పెద్దకొడుకు రాబర్ట్‌ని చూడాలి. 1859లో హార్వర్డ్ ప్రవేశ పరీక్ష తప్పి, ఒక ఏడాది ఎక్సెటర్‌లో చదివి, మరుసటేడు గట్టెక్కాడు. కొడుకుని చూడ్డానికొచ్చిన లింకన్ 1860 మార్చిలో ఆ ఊరి టౌన్‌హాల్లో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1970లో. అకాడమీ భవనం గుమ్మం మీద మగపిల్లల్ని మాత్రమే పిలిచే లాటిన్ వాక్యం ఒకటి ఉండేది. ఆడపిల్లల్ని కూడా పిలిచే ఇంకో వాక్యం అక్కడికి చేరడానికి 1996 దాకా పట్టింది.

ఇప్పటి ఎక్సెటర్ పుట్టింది మాత్రం 1930లో అనుకోవాలి. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే ధనవంతుడు 58 లక్షల డాలర్లిచ్చాడు. షరతు ఒక్కటే, పాఠం చెప్పే పద్ధతి పూర్తిగా మారాలి. ఎనిమిది మంది చొప్పున పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవాలన్నది ఆయన ఊహ. ఇప్పుడు పన్నెండు మంది, ఒక టీచరు. కోలగా ఉండటంతో ఎవరి మొహం ఎవరికీ చాటు కాదు, వెనక బెంచీ అన్న మాటే లేదు. బల్ల అంచు కింద బయటికి లాగే పలకలుంటాయి. పరీక్ష రోజున వాటిని లాక్కుని, ఒకరి కాగితం ఒకరికి కనబడకుండా రాసుకుంటారు.

తేడా కొట్టొచ్చినట్టు తెలిసేది లెక్కల్లో. పాఠ్యపుస్తకం లేదు. టీచర్లే రాసిన లెక్కల సంపుటాలుంటాయి, వాటిలో అధ్యాయాలుండవు, "త్రికోణమితి" అని శీర్షికలుండవు, మాదిరి లెక్కలుండవు. రాత్రి ఇంచుమించు ఒక పేజీ చేసుకెళ్లాలి. పొద్దున రాగానే తలా ఒక లెక్క బోర్డు మీద వేస్తారు, బోర్డులు గోడల నిండా ఉంటాయి. తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ విప్పుతారు. తప్పు వేసినవాడి బోర్డు దగ్గరే ఎక్కువసేపు గడుస్తుంది, అదే మంచిది కూడా.

మొదటి సంపుటం మొదటి పేజీలోని ఒక లెక్క చూడండి: ఒకటి నుంచి వంద కోట్ల దాకా వరసగా పైకి లెక్కపెడితే ఎంతకాలం పడుతుంది? ముందు అందాజుగా ఒక జవాబు రాసుకోమంటుంది, తర్వాత ఆలోచించి చెప్పమంటుంది, చివర్లో ఏమేమి అనుకుని లెక్క వేశావని అడుగుతుంది. సంఖ్యకో సెకను అనుకుంటే 32 ఏళ్లకు కొంచెం తక్కువ. కానీ "ఎనభై ఏడు కోట్ల అరవై అయిదు లక్షల నలభై మూడు వేల రెండు వందల పది" అనడానికి సెకను చాలుతుందా? వంద కోట్ల లోపు సంఖ్యల్లో నూటికి తొంభై ఇంత పొడుగువే. అయిదు సెకన్లు వేసుకుంటే 158 ఏళ్లు. సూత్రం గుర్తుపెట్టుకుని వచ్చిన పిల్లలు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఏ సూత్రమో చెప్పే శీర్షిక పైన ఉండదు.

మన ఇళ్ల పిల్లలకి మొదటి టర్ము గండం. పెద్దవాళ్ల మాటకి అడ్డుపడకూడదని పెంచుతాం, జవాబు రూఢి అయ్యాకే చెయ్యెత్తమంటాం. ఆ బల్ల దగ్గర చెయ్యెత్తడమే ఉండదు, సందు చూసుకుని మాటందుకోవాలి. రాత పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా, నోరు మెదపకపోతే గ్రేడు తగ్గుతుంది. గ్రేడ్లు 11 పాయింట్ల లెక్కన: ఏ అంటే 11, ఏ మైనస్ 10, బీ ప్లస్ 9. దీనికి ఉల్టా రోగమూ ఉంది, గడగడా మాట్లాడేసి బల్లంతా తానే ఆక్రమించడం. టీచర్లు దీన్ని పట్టుకోవడానికి కాగితం మీద కోడిగుడ్డులా గీసి, చుట్టూ పేర్లు రాసి, మాట ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్ల మధ్య గీత గీస్తారు. ముప్పావుగంటలో సాలెగూడు తయారవుతుంది. ఏ పేరుకి గీతే లేదో, ఏ పేరు దగ్గర గీతలన్నీ ముద్దకట్టాయో ఇట్టే కనబడుతుంది.

తల్లిదండ్రులు చేసే పెద్ద పొరపాటు ట్యూషన్ పెట్టించడం. మర్నాటి పేజీ మొత్తం ట్యూటర్ చెప్పేస్తే పిల్ల సరైన జవాబుతో వెళ్తుంది, "ఎందుకు?" అని పక్కవాడు అడిగేసరికి నీళ్లు నములుతుంది. సగం చేసిన లెక్కతో వెళ్లినా నష్టం లేదు, ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలిగితే చాలు.

లూయీ కాన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన లైబ్రరీ గురించి ఒక మాట. బయటికి మామూలు ఇటుక డబ్బాలా ఉంటుంది. లోపల నడిమి హాలు చుట్టూ కాంక్రీటులో తొలిచిన పెద్ద పెద్ద వృత్తాల్లోంచి పుస్తకాల అంతస్తులు కనబడతాయి. గొప్పతనం మాకు కనబడింది గోడవారన ఉన్న చదువు గూళ్లలో. ఒక్కో గూటికి సొంతంగా చిన్న కిటికీ, దానికి పక్కకి జరిపే చెక్క తలుపు. ఎండ ఎక్కువైతే మూసుకోవడం, విసుగొస్తే తెరిచి చూడటం.

డబ్బు, ప్రవేశం. బోర్డింగ్ ఖర్చు ఏడాదికి 60 వేల డాలర్లు దాటింది. 2021లో ప్రవేశానికి కుటుంబ స్థోమత చూడబోమని ప్రకటించారు, కాబట్టి సాయం అడిగితే సీటు పోతుందని భయపడి ఫారం నింపకుండా ఉండొద్దు. దరఖాస్తు గడువు మామూలుగా జనవరి 15, ఫలితం మార్చి 10. ఇంగ్లిష్, లెక్కల టీచర్ల సిఫారసులు క్రిస్మస్ సెలవుల ముందే అడిగి పెట్టుకోవాలి, సెలవుల్లో ఎవరూ దొరకరు. ఎస్‌ఎస్‌ఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయిస్తుంటే తప్పు జవాబుకి పావు మార్కు కోత ఉంటుందని పిల్లకి చెప్పండి. ఇంటర్వ్యూకి బట్టీ పట్టించిన జవాబులు పనికిరావు.

ఐఐటీ గురిగా పెట్టుకున్న ఇంటికి ఈ స్కూలు దారి కాదు. వేగంగా, ఎక్కువ లెక్కలు చేసే అలవాటు ఇక్కడ రాదు.

చేర్చే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఆ లెక్కల సంపుటాలు స్కూలు వెబ్‌సైట్లో ఉచితంగా పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా నలుగురైదుగురు ఈడు పిల్లల్ని పోగుచేసి, మొదటి సంపుటం మొదటి పేజీ ముందురోజు రాత్రి ఇవ్వండి. మర్నాడు భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పెద్దవాళ్లు నోరు మూసుకుని గుడ్డు బొమ్మ మీద గీతలు మాత్రం గీయండి. నాలుగైదు వారాలు ఆపకుండా సాగిస్తే, మీ పిల్ల పేరు దగ్గర గీతలు పెరుగుతున్నాయో లేదో ఆ కాగితాలే చూపిస్తాయి. పెరగకపోయినా, అవతలివాళ్ల మాట విని తన జవాబు దిద్దుకుంటుంటే దరఖాస్తు పెట్టొచ్చు.