తలనొప్పి కోసం మొదలుపెట్టిన విపశ్యన: ఏళ్ళ తరబడి చేశాక నా మాట

విపశ్యన అనే ధ్యాన పద్ధతి నేర్పే పది రోజుల కోర్సు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. తెల్లవారుజామున నాలుగింటి గంట, మౌనం, ఫోను అప్పగించడం, రాత్రి భోజనం లేకపోవడం, ఫీజు లేకపోవడం అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది అధిష్ఠానం గురించి. విపశ్యన నేర్పాక రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి గంటసేపు, కళ్ళు తెరవకుండా, కాళ్ళూ చేతులూ కదపకుండా కూర్చోమంటారు. కోర్సు చేసి వచ్చినవాళ్ళు ఎక్కువగా తిట్టుకునేది దీన్నే. నేను ఇన్నేళ్ళుగా ఈ సాధన వదలకుండా ఉన్నానంటే మాత్రం ఆ గంట వల్లే.

నేను వెళ్ళింది మైగ్రేన్ కోసం, అంతే. మనశ్శాంతి, ముక్తి లాంటి మాటలు అప్పట్లో నా చెవికి ఎక్కేవి కావు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎడమ కణతలో నొప్పి మొదలైందంటే వెలుతురు చూడలేను, వాంతులవుతాయి, స్టాఫ్ రూములో కొంగు కళ్ళమీద కప్పుకుని పడుకోవాల్సిందే. తోటి టీచరు ఒకావిడ పోరగా పోరగా, ఏలూరుకు దగ్గరే కదా అని విజయరాయిలోని ధమ్మ విజయ అనే విపశ్యన కేంద్రంలో చేరాను.

కోర్సు చేసినవాళ్ళకు, ఈ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకా గారి కథ తెలిసే ఉంటుంది. బర్మాలో పెద్ద వ్యాపారి, మైగ్రేన్‌కు మార్ఫిన్ ఇంజెక్షన్ల దాకా వెళ్ళిన మనిషి. 1955లో ఆయన అక్కడి విపశ్యన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళితే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దన్నారట. మనసు శుభ్రం కావాలని వస్తే చేర్చుకుంటాననీ, తలనొప్పి తగ్గితే అది దాని వెనక వచ్చే లాభమనీ చెప్పారట. నాకు ఆ మాట కష్టంగా తోచింది. నొప్పితో ఉన్న మనిషికి నొప్పి తగ్గడం కన్నా పెద్ద కోరిక ఏముంటుంది? 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీలో జాన్ కబత్-జిన్ తన మైండ్‌ఫుల్‌నెస్ ధ్యాన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది, వైద్యానికి లొంగని దీర్ఘకాలిక నొప్పులున్న వాళ్ళ కోసమే. నొప్పితో వచ్చినవాళ్ళను గుమ్మంలో ఆపనక్కర్లేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే నొప్పి ఒక్కటే పట్టుకుని ఎంత దూరం వెళ్ళగలమన్నది వేరే సంగతి.

మొదటి ఏడాది తలనొప్పులు బాగా తగ్గాయని కనిపించినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. తగ్గిన మాట నిజమే. కానీ అదే ఏడాది డాక్టరు గారు మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మాత్ర రాశారు. టిఫిన్ మానేసి బస్సెక్కే అలవాటు పోయింది. పొద్దున్నే లేచి ధ్యానానికి కూర్చోవాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి కాబట్టి నిద్ర కూడా కుదురుకుంది. వీటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం నావల్ల కాదు.

తలనొప్పులు తగ్గాక అసలు ఇబ్బంది మొదలైంది. కూర్చోవడానికి కారణమే లేకుండా పోయింది. అలారం మోగితే "ఇవాళ బాగానే ఉన్నానుగా" అనిపించేది. కొన్ని నెలలు ఏదో తప్పదన్నట్టు కూర్చున్నాను, ఆ గంటంతా ఇడ్లీ పిండి గురించీ సిలబస్ గురించీ ఆలోచనలే. ఆ దశ ఎలా దాటిందో చెప్పాలంటే ఒక ఏప్రిల్ రోజు గురించి చెప్పాలి.

పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్. మనిషికి రోజుకు 40 పేపర్లు. ఎండ, పైన కిర్రుమనే ఫ్యాన్లు, టేబుళ్ళ నిండా కట్టలు. పదకొండు దాటాక ఒక పిల్లాడు గీసిన త్రిభుజంలో కుడి మూల కనిపించలేదు. పేపరు జరిపి చూశాను, అప్పుడూ లేదు. కాసేపటికి అక్కడ వంకర టింకరగా ఒక వెలుగు గీత మెరవడం మొదలైంది. మైగ్రేన్ వచ్చే ముందు నాకు అలాగే అవుతుంది. అరగంటలో నొప్పి మొదలవుతుంది.

అంతకుముందైతే ఆ అరగంటే నాకు నరకం. ఈ రోజు పోయింది, రేపూ పోయినట్టే, సెలవు ఎవరిని అడగాలి, ఇంటికి ఎలా వెళ్ళాలి అంటూ వణికే చేతులతో బ్యాగులో మాత్ర వెతుక్కునేదాన్ని. ఆ రోజు పెన్ను పక్కన పెట్టాను. పిల్లల మార్కులు కదా, కనపడని కళ్ళతో దిద్దకూడదు. చీఫ్ ఎగ్జామినర్‌కు విషయం చెప్పి, మాత్ర వేసుకుని, వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ధ్యానం చేద్దామని కాదు, కళ్ళు మూసుకోవడం తప్పలేదంతే. అలవాటు కొద్దీ ధ్యాస దానంతట అదే శ్వాస మీదికి పోయింది.

అప్పుడు తెలిసింది, నొప్పి ఇంకా మొదలే కాలేదని. దవడ బిగిసి ఉంది. గొంతు దగ్గర ఏదో పట్టేసినట్టుంది. కడుపులో తిప్పుతోంది. వీటన్నిటి వెనక "ఇక అయిపోయింది" అనే ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తోంది. తలలో మాత్రం ఏమీ లేదు, మెరుపు తప్ప. ఇన్నేళ్ళూ నేను తలనొప్పి అనుకున్నదాంట్లో ఒక పెద్ద భాగం తలనొప్పి రాకముందు పడే భయమే. దాన్ని పోగొట్టాలని ప్రయత్నించలేదు, చూస్తూ ఉన్నాను. కాసేపటికి దవడ వదులైంది.

తర్వాత నొప్పి వచ్చింది, ఎప్పటిలాగే వచ్చింది. వాంతి కూడా అయింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళిపోయి చీకటి గదిలో పడుకున్నాను, మర్నాడు వచ్చి దిద్దాను. ధ్యానంతో మైగ్రేన్ ఆగిపోయిందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను, నాకైతే ఆగలేదు. కానీ నొప్పికి ముందున్న ఆ అరగంట పూర్తిగా మారిపోయింది. మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్ కూడా ఆ తర్వాత నెలల్లో బాగా తగ్గింది.

ఇది అధిష్ఠానం నేర్పిందే అని నా నమ్మకం. గంటలో సగం దాటాక మోకాలు మండిపోతుంది. కదలకూడదు కాబట్టి చూడాల్సిందే. చూడగా చూడగా మంట వేరు, సలపరం వేరు, "ఇక లేచిపో" అని లోపల తొందరపెట్టేది వేరు అని తెలుస్తుంది. పుస్తకంలో ఇది చదివితే నాకు ఎక్కేది కాదు. అలా మోకాలితో ఎన్నోసార్లు చూసి ఉన్నాను కాబట్టే ఆ రోజు వరండాలో కొత్తగా ఏమీ చేయాల్సిన అవసరం రాలేదు.

అప్పటినుంచి నేను కూర్చునే కారణం మారింది. కొన్నాళ్ళు ఆ భయాన్ని చూడటం కోసం కూర్చున్నాను. తర్వాత క్లాసులో కోపం గమనింపుకొచ్చింది. ఒకే డౌటు మళ్ళీ అడిగిన పిల్ల మీద గొంతు లేవకముందే ఛాతీలో వేడి తెలుస్తుంది. అన్నిసార్లూ కాదు, తెలిసినా అరిచిన రోజులున్నాయి. మా ఆయనైతే ఇంట్లో పెద్ద తేడా ఏమీ లేదంటారు, ఆ మాటా ఇక్కడ రాయాలి. ఇప్పుడు చాలా రోజులు ఏ కారణమూ లేకుండానే కూర్చుంటున్నాను, నా లోపల ఏం జరుగుతోందో చూడటం నాకిష్టం కాబట్టి.

1992లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డీన్ షపీరో, చాలాకాలంగా ధ్యానం చేస్తున్న 27 మందిని పరిశీలించారు. మొదట ఒత్తిడినీ బాధలనూ అదుపులో పెట్టుకోవడానికి, తర్వాత తమను తాము తెలుసుకోవడానికి, ఆ తర్వాత విముక్తి కోసం, ఇలా సాధన పెరిగేకొద్దీ ఉద్దేశం మారుతుందని చెప్పారు. నాకు అది చాలావరకు సరిపోతుంది. అయితే నాది మెట్లెక్కినట్టు పైకే సాగలేదు. ఎండలు ముదిరి వరసగా రెండు తలనొప్పులు వస్తే చాలు, మర్నాడు పొద్దున మళ్ళీ తలనొప్పి కోసమే కూర్చుంటాను. అందులో తక్కువతనం ఏమీ లేదు.

అందరినీ వెళ్ళమంటానా అంటే, చెప్పలేను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పొద్దున వంట పనిలో ఇంట్లో సాయం ఉంది, అందుకే నాకు ఆ గంట దొరుకుతోంది. కోర్సు అయ్యాక ఇంట్లో రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని చెబుతారు. సాయంత్రం గంట నాకు ఏనాడూ నిలవలేదు, ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు అది కష్టమే. షపీరో పరిశీలించిన ఆ 27 మందిలో సగానికి పైగా ధ్యానం వల్ల ఏదో ఒక ఇబ్బంది పడ్డామని కూడా చెప్పారు. కాబట్టి మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవాళ్ళు ముందు డాక్టరును అడగాలి, కోర్సు దరఖాస్తులో ఆ సంగతి దాచకుండా రాయాలి. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ అడగండి. మైగ్రేన్ మాత్రలు మానకండి, వెంట తీసుకెళ్ళండి. నాలాగా ఎండకు తల పట్టేసేవాళ్ళైతే వేసవి సెలవుల్లో కాకుండా డిసెంబరులోనో జనవరిలోనో కోర్సు చూసుకోండి.