కిరాణా షాపుకు హోల్‌సేల్ యాప్: ఏళ్ల తరబడి వాడాక

ఉప్పల్ వైపు మాది చిన్న కిరాణా షాపు. 2019 నుంచి సరుకులో కొంత భాగం హోల్‌సేల్ యాప్‌లో తెప్పిస్తున్నాను. ఐదుకు మూడు మార్కులు ఇస్తాను.

బాగా నచ్చింది రేటు ముందే కనిపించడం. రాత్రి షట్టర్ దించాక ఆర్డర్ పెడితే ఒకటి రెండు రోజుల్లో బిల్లుతో సహా సరుకు షాపుకే వస్తుంది. మా గల్లీకి సేల్స్‌మన్ రాని చిన్న కంపెనీల మసాలాలు, ఫినాయిల్ కూడా దొరుకుతాయి. అదే హైదరాబాద్ హోల్‌సేల్ మార్కెట్ బేగంబజార్‌కు వెళ్తే సగం రోజు బేరం పోతుంది, పైగా ఆటో కిరాయి.

కానీ కనిపించిన రేటుకు సరుకు వస్తుందన్న నమ్మకం లేదు. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎగబాకుతుంటే, పాత రేటుకు పెట్టిన ఆర్డర్లు మర్నాటికి క్యాన్సిల్ అయ్యేవి. అప్పుడు ఆదుకున్నది బేగంబజార్‌లో పాత పరిచయమున్న సేటే.

కంపెనీ సరుకు షాపులకు వేసే డిస్ట్రిబ్యూటర్‌తో పోలిస్తే అన్నిటికంటే పెద్ద తేడా ఎక్స్‌పైరీ దగ్గర. డేటు దాటిన బిస్కెట్లు, ఎలుక కొరికిన ప్యాకెట్లు డిస్ట్రిబ్యూటర్ మనిషి తీసుకెళ్లి తర్వాతి బిల్లులో తగ్గిస్తాడు. యాప్ సరుకు అమ్ముడుపోకపోతే నష్టం మనదే. వీటిలో మిగిలేది పది శాతం లోపు, ఒక్క పెట్టె పాడైతే పది పెట్టెల లాభం పోయినట్టే. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు కూడా పాత స్టాకు తేడాను డిస్ట్రిబ్యూటర్ సర్దుబాటు చేశారు. యాప్‌లో కొన్నదానికి ఎన్నిసార్లు అడిగినా రాలేదు.

ఇక ఉద్దెర. "అన్నా, వచ్చే వారం ఇయ్యి" అని బిల్లు పెట్టి పోతాడు సేల్స్‌మన్. మా గిరాకీలో చాలామంది జీతాలొచ్చాక ఒకటో తారీఖున కడతారు కాబట్టి ఆ వారం గడువు మాకు ప్రాణం. యాప్‌లోనూ అప్పు ఇస్తారు, కానీ ఒక్కరోజు ఆలస్యమైతే పెనాల్టీ. నెలాఖరులో ఆ టెన్షన్ భరించలేక మానేశాను.

ఇప్పుడు సబ్బులు, బిస్కెట్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకుంటున్నాను. పప్పు, చింతపండు, ఎండుమిర్చి చేత్తో పట్టి చూడందే కొనను, వాటికి బేగంబజారే. డేటు ఎక్కువ ఉండి, తొందరగా అమ్ముడయ్యేవే యాప్‌లో. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డెలివరీ అబ్బాయి ఎంత తొందరపెట్టినా పెట్టె విప్పి, డేటు, ఎమ్మార్పీ చూశాకే ఓటీపీ చెప్పండి.