కోట్స్‌లో పెట్టి వెతికితే రోబోనట!

ఈ సెర్చ్ ఇంజన్‌ని ఏళ్ల తరబడి వాడుతున్నాను. నా పని ప్రూఫ్ చూడటం. ఈ కొటేషన్ నిజంగా ఇలాగే ఉందా, ఈ పేరు సరైన స్పెల్లింగ్ ఏది, ఫలానా తేదీ ముందుగా ఎక్కడ అచ్చయింది అని రోజంతా వెతుకులాటే. ఫలితాలకు వంక పెట్టలేను. పాత పీడీఎఫ్‌ల అడుగున పడి ఉన్న వాక్యాన్ని కూడా లాక్కొచ్చి ముందు పెడుతుంది. గొడవల్లా నన్ను మనిషిగా ఒప్పుకోవడం దగ్గరే.

రెండు మూడు పదాలు కొట్టి వెతికేవాళ్లకి ఈ బాధ అంతగా తెలియదు. వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి, ఫలానా సైట్‌లోనే వెతకమని చెప్పి, ఐదో పేజీ, ఆరో పేజీ దాకా చకచకా వెళ్తే మాత్రం ‘మీ నెట్‌వర్క్ నుంచి అసాధారణ ట్రాఫిక్ వస్తోంది’ అంటూ అడ్డుపడుతుంది. వెబ్‌సైట్లను గంపగుత్తగా తోడేసే ప్రోగ్రాములూ ఇలాగే వెతుకుతాయి కాబట్టి అనుమానం పూర్తిగా అన్యాయమనలేను. కానీ ఆ సదుపాయాలు ఇచ్చింది వాళ్లే కదా!

ఆ తర్వాత బొమ్మల పరీక్ష. సిగ్నల్ లైట్లున్న గళ్లు నొక్కమంటుంది. లైటు ఒక గడిలో ఉంటుంది, దాని అంచు పక్క గడిలోకి వెంట్రుకంత జరిగి ఉంటుంది. అది లెక్కలోకి వస్తుందా? మరి స్తంభం? ఇంకో రకంలో నొక్కిన గడి మెల్లగా మాయమై, ఆ చోట కొత్త బొమ్మ తేలుతుంది. అది తేలేలోపు తొందరపడి ముగించామా, మళ్లీ మొదటికి. చూపు లేనివాళ్ల కోసం ఆడియో ఉంది గానీ, అనుమానం ముదిరితే అదీ ఇవ్వనంటుంది. నా చిరాకు సరే, వాళ్ల గతేమిటి? 2003లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు క్యాప్చా, అంటే మనిషో ప్రోగ్రామో తేల్చే ఇలాంటి పరీక్ష, గురించి రాసినప్పుడు మనిషికి సులువు, యంత్రానికి కష్టం అన్నదే సూత్రం. ఇప్పుడు ఇలాంటి బొమ్మలు గుర్తుపట్టడంలో ప్రోగ్రాములు మనకేం తీసిపోవు.

ఒక్కోసారి మన ప్రమేయమే ఉండదు. నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ని గుర్తించే నంబర్లలో పాత రకమైన ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపినా 430 కోట్ల లోపే. అందుకే నెట్ కంపెనీలు, ముఖ్యంగా మొబైల్ నెట్‌లో, ఒకే చిరునామా వెనక ఎంతోమందిని పెడతాయి. ఈ పంపకం కోసమే 2012లో 100.64 నుంచి 100.127 దాకా అంకెలతో మొదలయ్యే చిరునామాల వరుసను విడిగా కేటాయించారు. మీ రౌటర్ సెట్టింగ్స్‌లో బయటి కనెక్షన్‌కు ఆ వరుసలోని నంబర్ కనిపిస్తే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. అందులో ఎవరి ఫోన్లోనో పాడు యాప్ దూరితే పరీక్ష అందరికీ. మన ట్రాఫిక్‌ని ఇంకో సర్వర్ గుండా మళ్లించే వీపీఎన్‌లో ఇది మరీ ఎక్కువ.

మొబైల్ నెట్ అయితే ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీస్తే కొత్త చిరునామా దొరికి గండం గడవొచ్చు. కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) ఎప్పటికప్పుడు చెరిపేసేవాళ్లకి పరీక్షలు ఎక్కువ. లాగిన్ అయి వెతికితే బాగా తగ్గాయి గానీ, నేను వెతికిందంతా నా పేరు మీద నమోదు కావడం నాకిష్టం లేదు, మానేశాను.

ఐదుకి మూడు స్టార్లు. మామూలు వెతుకులాటకు నిశ్చింతగా వాడుకోండి. నాలాంటి పని చేసేవాళ్లు మాత్రం పక్క ట్యాబ్‌లో ఇంకో సెర్చ్ ఇంజన్ తెరిచి పెట్టుకోండి, డెడ్‌లైన్ రోజు మరీనూ.