గ్రేట్ వైబ్స్ ఫాంటు: పేరుకు సొగసు, ఇనీషియల్స్‌కు చిక్కు

పెళ్లికార్డులు డిజైన్ చేసేవాళ్లకు గ్రేట్ వైబ్స్ గురించి పరిచయం అక్కర్లేదు. రాబర్ట్ లూష్కీ కలం రాతలా గీసిన ఈ ఇంగ్లిషు ఫాంటు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర మా షాపులో ఏళ్ల తరబడి ఇంగ్లిషు వైపు పేర్లు దీనితోనే వేస్తున్నాను. నా పేచీ అంతా దీని క్యాపిటల్ అక్షరాలతోనే.

చిత్రమేమిటంటే, నాకు ఈ ఫాంటు నచ్చిందీ వాటివల్లే. లావణ్య అని టైపు చేయండి. మొదటి ఎల్ నిండుగా మెలిక తిరిగి, వెనకాల వచ్చే చిన్న అక్షరాలను చేయి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఉంటుంది. అతుకు ఎక్కడో కనిపించదు. ఆ సన్నగీతలు గోల్డ్ ఫాయిల్‌లో మెరుస్తుంటే చూడముచ్చటే.

అయితే మన పేర్లు అంతటితో ఆగవు కదా! మొన్న మాఘమాసం ముహూర్తాలకు గాజువాక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పైన సింహాద్రి అప్పన్న బొమ్మ, తెలుగు వైపు ఎప్పటిలాగే అను ఫాంటు. ఇంగ్లిషు వైపు వరుడి పేరు ముందు కె.వి.ఎస్.ఎస్.ఎన్., వెనక బి.టెక్., ఎం.ఎస్. ప్రతి క్యాపిటల్ తన వంపుతో పక్కదాని మీదికి ఎక్కింది. రెండు ఎస్‌లు పెనవేసుకుపోయి మధ్య చుక్క కనబడలేదు. కలం రాతలో మాటకు ఒక్క పెద్దక్షరమే ఉంటుంది, వరుసగా నిలబెట్టడానికి గీసినవి కావు ఇవి. ఎడం పెంచితే చిక్కు విడింది గానీ పేరు కార్డు అంచుదాకా పోయింది. ఇనీషియల్స్‌ను మామూలు ఫాంటులో చిన్నగా పెట్టి చూపించాను.

"ఏం బాబూ, మా ఇంటిపేరు అంత చిన్నగానా? ఆడపెళ్లివారిది చూడు, ఎంత బాగుందో!"

వాళ్లకు ఒక్కటే ఇనీషియల్ అండీ అంటే వింటారా! చివరికి కె. తీసేసి ఇంటిపేరు పూర్తిగా వేశాను. ఒక్క క్యాపిటల్, మిగతావన్నీ చిన్న అక్షరాలు. ఆ వరుస ఎంత అందంగా కుదిరిందంటే, పెద్దాయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. మిగిలిన ఇనీషియల్స్, డిగ్రీలు లోపలి పేజీలో మామూలు ఫాంటులోకి వెళ్లాయి.

సన్నగీతల మెరుపు అన్నాను, అది నున్నటి కార్డు మీద మాట. గరుకు కాగితం మీద ఫాయిల్ అక్కడక్కడా తెగుతుంది. మందం పెంచుదామంటే ఇందులో రెగ్యులర్ అనే ఒకే ఒక్క మందం ఉంది. అవుట్‌లైన్ ఇచ్చి లావు చేస్తే అక్షరాల్లోని చిన్న సున్నాలు పూడుకుపోతాయి. చిన్న అక్షరాలు మరీ పొట్టివి కాబట్టి కల్యాణ మండపం చిరునామా 12 పాయింట్లలో దీనితో వేస్తే బామ్మలకే కాదు, నాకూ కనబడదు.

మా షాపుకు వచ్చే బేరాలను బట్టి చెబుతున్నాను, మీ ఊళ్లో వేరుగా ఉండవచ్చు. అమెరికాలో ఉన్న పిల్లలు రెండు పొట్టి పేర్లు వాట్సాప్‌లో పంపి, పెళ్లి భీమిలి రోడ్డులో రిసార్టులో అంటే మరో ఫాంటు వైపు చూడను. పెద్దలు కూర్చుని ఖాయం చేసే కార్డయితే, ఇనీషియల్స్ ఎన్నో కనుక్కున్నాకే ఈ ఫాంటు నమూనా బయటికి తీస్తాను.