తెర మీద ఫిజియోథెరపీ: మూడేళ్ల వాడకం తర్వాత

2020 జనవరిలో నాకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కోలుకోవడంలో ఎక్కువ భాగం తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే జరుగుతుందని వైద్యులు చెప్పారు. సరిగ్గా ఆ నెలల నడుమ, మార్చి 11న, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది; కొద్ది రోజులకే నేను వెళ్లే పునరావాస కేంద్రం మూతపడింది. ఆ మే నెలలో అదే సంస్థ 155 దేశాల్లో జరిపిన సర్వేలో 63 శాతం దేశాల్లో పునరావాస సేవలకు అంతరాయం కలిగినట్టు తేలింది. ఆ అంకె చదివే వేళకు నా కుడి చెయ్యి ఒళ్లో పిడికిలి బిగించుకుని ఉంది.

అప్పటి నుంచి వీడియో కాల్ ద్వారా చికిత్స వాడుతున్నాను. ఐదుకు మూడు మార్కులు వేస్తాను, అవి కూడా ఎక్కువగా కాలి తరఫున.

కుర్చీలోంచి లేవడం, బరువును రెండు కాళ్ల మీదా సమంగా మోపడం, నడవడం వంటివి తెర మీద బాగానే సాగాయి. పైగా థెరపిస్టు గారు నా మంచం ఎత్తు, స్నానాల గది గడప మొదటిసారి చూశారు. కేంద్రంలోని నున్నని నేల మీద నేర్చిన నడక ఆ గడప దగ్గర ఎందుకు తడబడుతోందో ఆయనకు అప్పుడే అర్థమైంది. అద్దం చికిత్స కూడా కుదిరింది: పడిపోయిన చేతిని అద్దం వెనక ఉంచి, మంచి చేతి ప్రతిబింబాన్ని చూస్తూ రెండింటినీ కదపడానికి ప్రయత్నించడమే కాబట్టి, దానికి కావలసింది అద్దమూ ఓపికా మాత్రమే.

చేతి విషయంలో మాత్రం ఈ పద్ధతి విఫలమైంది. కండరాల బిగుతు కంటికి కనబడేది కాదు. థెరపిస్టు కీలును వేగంగా వంచి, ఎదురయ్యే పట్టును తన చేత్తో పసిగట్టి, సున్నా నుంచి నాలుగు దాకా కొలత వేస్తారు. వీడియోలో ఆ పని నా భార్య చేసి, "కాస్త గట్టిగా ఉందండీ" అని చెప్పేది. ఆ "కాస్త" వారం వారం పెరుగుతున్నట్టు మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. కేంద్రం మళ్లీ తెరిచేనాటికి వేళ్లను చాపి ఉంచే పాత స్ప్లింట్‌లో అవి ఇమడలేదు, చివరికి బిగిసిన కండరాలను సడలించే బోట్యులినమ్ ఇంజెక్షన్ చేయించుకోవలసి వచ్చింది. దాని ప్రభావం సుమారు మూడు నెలలే ఉంటుంది.

మరో సంగతి దాచకుండా చెప్పాలి: చికిత్స చేసింది నా భార్యే. ఒక సాయంత్రం ఆవిడ నా నడుముకు కట్టిన బెల్టును పట్టుకోవలసి రావడంతో ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించింది. అది జారి వెల్లకిలా పడింది. పైకప్పును చూస్తూ థెరపిస్టు గారు "కాలు ఎక్కడుందండీ?" అని అడుగుతూనే ఉన్నారు, మేమిద్దరం కదిలితే పడిపోతామని కదలకుండా నిలబడ్డాం. రికార్డులో ఆ రోజు కూడా "హాజరు" అనే ఉంది. ఒంటరిగా ఉండేవారికి ఈ సేవ అందుబాటులో ఉందనడం నాకైతే అన్యాయంగా తోస్తుంది. మాట పడిపోయినవారికి మరీ కష్టం. శబ్దం అరక్షణం ఆలస్యమైనా వాళ్లు కూడబలుక్కుంటున్న మాట తెగిపోతుంది.

ఇప్పుడు వారానికి రెండు రోజులు తెర మీద చేస్తూ, నెలకొకసారి స్వయంగా వెళ్తున్నాను. థెరపిస్టు గారు పలకరింపుకన్నా ముందు నా మణికట్టు పట్టుకుని ఒకసారి చటుక్కున వంచి చూస్తారు.